ఆదివారం ఆరాధనలో స్త్రీ వాక్యం చెప్పొచ్చా? 1 కొరింథీ 14ను ఎలా చదవాలి?

ప్రశ్న – నర్సంపేట విశ్వాసి

అందరికీ వందనాలు. మాది స్వతంత్ర సంఘం. స్త్రీల కూడిక నడిపే అక్కతో ఒక ఆదివారం వాక్యం చెప్పిద్దామని కొందరు అడిగిండ్రు. పెద్దలు 1 కొరింథీ 14:34 (స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలె), 1 తిమోతి 2:12 (స్త్రీ బోధించకూడదు) చూపించి కుదరదన్నరు. దీని మీద గంటన్నర బైబిల్ స్టడీ పెడుతున్నరు. లొల్లి కాకుండ ఏం చదవాలె, ఏ వరుసల చదవాలె?

జవాబు – హన్మకొండ బైబిల్ స్టడీ

తమ్ముడూ, 1 కొరింథీ 14వ అధ్యాయంతో మొదలుపెట్టకు. ముందు 11:2-16 చదివించు. మన ఆడవాళ్లు ప్రార్థన మొదలు కాగానే చీర కొంగు తలమీదికి లాక్కుంటరు కదా, దానికి ఆధారం 11:5. ఆ వచనంలో స్త్రీ ముసుగేసుకొని చేస్తున్న పని ఏంది? ప్రార్థించడం, ప్రవచించడం (దేవుడిచ్చిన మాట చెప్పడం). కొంగును పట్టుకొని ఆ రెండు పనులను వదిలేయలేం. ఇక్కడ ఇరవై నిమిషాలైనా ఆగండి.

తర్వాత 14:26-40 మొత్తం గట్టిగా చదవండి. ఆ భాగంలో మౌనంగా ఉండుమనే మాట మూడుసార్లు వస్తది. అర్థం చెప్పేవాడు లేకపోతే ఆత్మ ప్రేరణతో తెలియని భాషలతో మాట్లాడేవాడు (28), ఇంకొకరికి బయలుపాటు, అంటే దేవుడు తెలియజేసిన మాట, కలిగితే మొదట మాట్లాడేవాడు (30), ఆ తర్వాత స్త్రీలు (34). మొదటి ఇద్దరినీ జీవితాంతం నోరు మూసుకొమ్మని ఎవరూ అనరు. 35లో పౌలు ఇంటి దగ్గర భర్తను అడగమన్నడు కాబట్టి సభ మధ్యలో ప్రశ్నలు వేయడం గురించే ఈ మాట అని నా అభిప్రాయం.

గలతీ 3:28ని (క్రీస్తులో పురుషుడని, స్త్రీ అని లేదనే వచనం) మాత్రం ఎదుటివాళ్ల నోరు మూయించడానికి వాడకండి. అది బాప్తిస్మం గురించి, వారసత్వం గురించి. వాక్యం ఎవరు చెప్పాలన్నది అక్కడ చర్చ కాదు. చాలా స్టడీలు చెడిపోయేది ఇక్కడే.

జవాబు – పరకాల

బ్రదర్, పెద్దల మాటలోనూ బలముంది. 1 తిమోతి 2:13లో మొదట ఆదాము, తర్వాత హవ్వ నిర్మింపబడ్డారని పౌలు చూపిస్తున్నాడు. సృష్టి క్రమాన్ని ఆధారం చేసుకున్న ఆజ్ఞను తిమోతి ఉన్న ఎఫెసు సంఘానికే పరిమితం అనడం అంత సులువు కాదు. దీన్ని దాటేసి పోతే స్టడీకి విలువ ఉండదు.

జవాబు – హన్మకొండ బైబిల్ స్టడీ

నిజమే అన్నా, దాటేయొద్దు. కాకపోతే 1 కొరింథీ 11:8-9లోనూ సృష్టి క్రమమే చెప్పి, వెంటనే 11-12లో ప్రభువునందు స్త్రీపురుషులు ఒకరు లేకుండా ఒకరు లేరన్నడు. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలె. అపొ. కార్యములు 18:26 కూడా కలపండి. బోధకుడైన అపొల్లోకు దేవుని మార్గాన్ని పూర్తిగా వివరించింది ప్రిస్కిల్ల, అకుల ఇద్దరూ. రోమా 16:1లో ఫీబే సంఘ పరిచారకురాలు.

జవాబు – డోర్నకల్ సంఘస్థురాలు

వాక్యం ఒకటే అయినా నియమాలు సంఘాన్ని బట్టి వేరు. మా సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1976 నుంచి స్త్రీలకు గురువు అభిషేకం ఉంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు (బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. కథోలిక సంఘంలో స్త్రీలకు గురుత్వం లేదు, పూజలో ప్రసంగం గురువుదో డీకనుదో. కానీ 2021 నుంచి పూజలో బైబిల్ పాఠాలు చదివే పఠన సేవకురాలిగా స్త్రీలను అధికారికంగా నియమించవచ్చు. మీది స్వతంత్ర సంఘం కనుక మీ నియమావళి తీసి చూడండి. అందులో ఏమీ లేకపోతే తేల్చాల్సింది పెద్దలూ సంఘమూ కూర్చొనే.

ఇంకో మాట తమ్ముడూ. ఆదివారం వాక్యం చెప్పడం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వడం, సంఘ పెద్దగా ఉండడం మూడు వేర్వేరు ప్రశ్నలు. కలిపేస్తే మొదటిదానికి ఒప్పుకునేవాళ్లు కూడా మూడోదానికి భయపడి కాదంటారు. ఆ రోజు మొదటిదే తీసుకోండి, మినిట్స్‌లో కూడా దాన్నే రాయించండి. చదివే భాగాలన్నీ ఒకే అనువాదంలో ఒక కాగితం మీద జిరాక్స్ తీసి పంచండి. ఫోన్లలో తలా ఒక అనువాదం తీస్తే సగం సమయం అక్కడే పోతుంది.