అప్‌డేట్: చిన్న ప్రచురణ సంస్థకు కన్సోల్ గేమ్‌పై లాభం ఎందుకు మిగలలేదు?

మా గేమ్ పీసీలో ఖర్చులు రాబట్టినా కన్సోల్‌లో (గేమ్‌లు ఆడే ప్రత్యేక యంత్రం) నష్టం చూపుతోందనీ, కన్సోల్ ఆన్‌లైన్ స్టోరు తీసుకునే 30 శాతం వాటాయే కారణమా అనీ ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. ఆ వాటాకు దీనితో సంబంధం లేదు; పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోరు స్టీమ్ కూడా మొదట అంతే శాతం తీసుకుంటుంది.

డిజిటల్ (డౌన్‌లోడ్) అమ్మకాలనూ, కార్ట్రిడ్జ్‌లనూ (గేమ్ నిక్షిప్తమై ఉండి దుకాణాల్లో అమ్మే చిన్న చిప్ పెట్టెలు) విడదీసి చూడమన్న సూచనే పనిచేసింది. గేమ్ ఒప్పందాలు తెలిసిన ఆడిటరు అలా విడదీయగా, డిజిటల్ లెక్క స్వల్ప లాభంలోనే ఉందనీ, నష్టమంతా కార్ట్రిడ్జ్‌లదేననీ తేలింది. వాటిని మనకు నచ్చిన చోట తయారు చేయించుకునే వీలుండదు. కన్సోల్ సంస్థ ద్వారానే, కనీస సంఖ్యకు తగ్గకుండా ఆర్డరిచ్చి, ఒక్క ప్రతి కూడా అమ్ముడుపోకముందే డబ్బు చెల్లించాలి, పైగా నిల్వ సామర్థ్యం పెరిగేకొద్దీ ధర కూడా పెరుగుతుంది. (1980లలో జపాన్ సంస్థ నింటెండో తన ఎన్ఈఎస్ కన్సోల్‌తో స్థిరపరచిన పద్ధతి ఇది; అప్పట్లో అమెరికాలో ఒక్కో ప్రచురణకర్తకు ఏడాదికి 5 గేమ్‌లే అన్న పరిమితి కూడా ఉండేది.) మిగిలిన సరుకుకు దుకాణాలు ధర తగ్గించినప్పుడు, ఒప్పందం ప్రకారం ఆ తేడాను మేమే భరించాం. పెద్ద సంస్థలు ఇలాంటి లోటును మరో గేమ్ లాభంతో పూడ్చుకోగలవు, మాకున్నది ఒకటే.

వయసు రేటింగ్ (గేమ్ ఏ వయసువారికి తగినదో తెలిపే గుర్తు) రుసుము గురించి మీలో కొందరు చేసిన హెచ్చరిక మాకు వర్తించలేదు, డిజిటల్ విడుదలకు ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ రేటింగ్ వ్యవస్థ ద్వారా ఆ రేటింగ్ ఉచితంగానే వచ్చింది. ఇకపై ముందస్తుగా డబ్బు కట్టినవారి సంఖ్యను బట్టే కార్ట్రిడ్జ్‌లకు ఆర్డరిస్తాం.