‘వృద్ధి రేటు’ ఇక్కడ నప్పుతుందా?

పోస్టు:
ఆయిలర్ టోషెంట్ ప్రమేయం మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఏదైనా సంఖ్య ఇస్తే, 1 నుంచి దాని వరకు ఉన్నవాటిలో దానితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్నో చెబుతుందిది. 10కి 4 (1, 3, 7, 9). ఈ విలువల అనుక్రమం పెరిగే వేగాన్ని ‘వృద్ధి రేటు’ అన్నాను. తీరా చదువుకుంటే వడ్డీ లెక్కలా ఉంది. వేరే మాట చెప్పండి.

జవాబు:
ముందు అసలు పెరుగుతోందా అని చూడండి. 210కి విలువ 48. 211 ప్రధాన సంఖ్య కనుక దానికి 210. 212కి మళ్ళీ 104. ఇది వృద్ధా, కుప్పిగంతులా?

జవాబు:
విడివిడిగా చూస్తే గంతులే, మాస్టారూ. వరసగా కూడుతూ పోండి: 10 వరకు మొత్తం 32, 100 వరకు 3044. చివరి సంఖ్య వర్గాన్ని 3తో గుణించి పై (π) వర్గంతో భాగిస్తే దాదాపు ఇదే వస్తుంది. 100కి సుమారు 3040. అంత ఎగుడుదిగుడులోంచి ఇంత నున్నటి లెక్క! కాబట్టి మొత్తాలకు ‘వృద్ధి’ సరే, ‘రేటు’ వద్దు. ‘వర్గంతో పాటు పెరుగుతుంది’ అని క్రియలో చెబితే సరిపోతుంది. (‘పై వర్గం’ అని మాత్రం రాయకండి, సమాజశాస్త్రం అనుకుంటారు.)

జవాబు:
‘టోషెంట్’నే తెలుగు చేయకూడదా? 1879లో గణితవేత్త సిల్వెస్టర్ పెట్టిన పేరది. లాటిన్‌లో ‘క్వాట్’ అంటే ఎన్ని, ‘టాట్’ అంటే అన్ని. భాగఫలానికి ఇంగ్లీషు వాళ్ళ మాట ‘క్వోషెంట్’ మొదటిదాన్నుంచి వచ్చింది, దానికి జోడీగా ఈయన రెండోది అందుకున్నాడు. ఎన్ని–అన్ని, ఎంత–అంత మనకు పుట్టుకతో ఉన్న జంటలేగా. ‘అన్నిక’ అందామా?

జవాబు:
‘ఎన్నిక’ పక్కన ‘అన్నిక’, వినసొంపుగానే ఉంది. చిక్కల్లా ‘అన్ని’కి ‘సమస్తం’ అనే అర్థమూ ఉండటమే. ఈ ప్రమేయం పనే కొన్నిటిని వదిలేయడం. టోషెంట్‌నే ఉంచండి.

పోస్టు రాసిన నేనే:
ఉంచుతాను. ఇంకో తంటా ఉంది. వచ్చిన విలువకే మళ్ళీ మళ్ళీ ప్రమేయం వేస్తే 100, 40, 16, 8, 4, 2, 1. దీనికీ ‘వృద్ధి రేటు’ అనే రాసేశాను!

జవాబు:
అది అరుగుదలండీ. సరి సంఖ్య తగిలాక ప్రతి అడుగులోనూ కనీసం సగం పోతుంది. ఇక్కడ పెరిగేదల్లా 1కి చేరడానికి పట్టే అడుగుల లెక్క. అదీ మహా నెమ్మది: మొదటి సంఖ్యను రెట్టింపు చేసినా, అడుగుల గరిష్ఠ హద్దు ఒక్కటే పెరుగుతుంది.

పోస్టు రాసిన నేనే:
అయితే మొత్తాలకు ‘పెరిగే తీరు’, దీనికి ‘అరిగే తీరు’. గంతులేసే మొదటి అనుక్రమానికి పేరు పెట్టకుండా 210, 211, 212 విలువలు పక్కపక్కన రాసి వదిలేస్తాను.