క్లోవర్ ఆకులో సైనైడ్: తేల్చేది నత్తా, చలా?

గడ్డిపరక:
యూరప్ పచ్చిక బయళ్లలో ఎక్కడబడితే అక్కడ పాకే తెల్ల క్లోవర్ మన పిల్లిపెసరకు దూరపు చుట్టం. పక్కపక్కనున్న రెండు మొక్కల్లో ఒకదాని ఆకు నలిపితే సైనైడ్ వస్తుంది, రెండోదానికి రాదు. 1954లో డాడే అనే శాస్త్రవేత్త యూరప్ అంతటా లెక్క తీశాడు. మధ్యధరా వైపు దాదాపు అన్నీ విషమొక్కలే, ఈశాన్యాన రష్యా వైపు దాదాపు ఏవీ కావు. జనవరి చలి పెరిగేకొద్దీ విషమొక్కలు తగ్గాయి. గడ్డకట్టే చలికి కణాలు పగిలి, ఆ మొక్క విషం దానికే తగులుతుందని నా వాదన.

జొన్నచేను:
వానలు మొహం చాటేసిన ఏడు లేత జొన్న మేసి పశువు నాము తగిలి పడిపోవడం మా ఊళ్లో అందరికీ తెలుసు. అదీ సైనైడే. విషమున్నది మేసేవాణ్ణి ఆపడానికండీ. వెచ్చని చోట నత్తలు, పురుగులు ఎక్కువకాలం తిరుగుతాయి, అందుకే అక్కడ విషం నిలిచింది. చలి వట్టి సాకు.

గడ్డిపరక:
ఉత్తరాన నత్తలు లేవా అన్నా?

ల్యాబ్‌కోటు:
ఆకులో విషం పుట్టాలంటే రెండు జన్యువులు కావాలి. ఒకటి విషపు సరుకును చక్కెరతో కట్టిపెడుతుంది, రెండోది ఆ కట్టు విప్పే ఎంజైమ్‌ను ఇస్తుంది. ఆకు నలిగితేనే రెండూ కలుస్తాయి. ఒక్కటి లేకున్నా విషం రాదు. జర్మనీలో చదివేటప్పుడు పరీక్షించాను. నలిపిన ఆకును గాజుగొట్టంలో వేసి, చుక్క టోలీన్ అనే ద్రావకం పోసి, సైనైడ్ తగిలితే రంగు మారే పసుపు పిక్రేట్ కాగితం వేలాడదీసి మూత బిగించాను. తెల్లారేసరికి ఒక కాగితం ఇటుక రంగుకు తిరిగింది, రెండోది పసుపుగానే ఉంది. జానెడు దూరంలో కోసిన ఆకులవి! పైకి చూస్తే రెండిటి మీదా అదే తెల్ల చార.

జొన్నచేను:
చలే కారణమైతే, వెచ్చగా ఉండే నగరం నడిబొడ్డున విషమొక్కలు ఎక్కువుండాలిగా? టొరంటో, న్యూయార్క్, బోస్టన్‌లలో చుట్టుపక్కల పల్లెలకన్నా తక్కువే ఉన్నాయని 2016లో తేలింది.

గడ్డిపరక:
దానికి ఆ పరిశోధకులే కారణం చెప్పారు. నగరంలో మంచు అంతగా పేరుకోదు. ఆ దుప్పటి లేక నేల ఇంకా చల్లబడుతుంది. మంచు దట్టంగా పడే మాంట్రియల్‌లో ఈ తేడా కనబడలేదు. నాదే గెలుపు!

ల్యాబ్‌కోటు:
ఆగండి. 2022లో 26 దేశాల్లోని 160 నగరాలు చూశాక, పల్లెల వైపు నీటి ఎద్దడి, పచ్చదనంలో తేడా ఈ హెచ్చుతగ్గులకు కారణాలుగా లెక్కకొచ్చాయి.

జొన్నచేను:
ఎద్దడా? మొదట్నుంచీ నేను చెప్పేది అదే కదా!

ల్యాబ్‌కోటు:
కాదండీ. జొన్నలో ఎద్దడికి అదే మొక్కలో విషం పెరుగుతుంది. క్లోవర్‌లో ఏ రకం మొక్కలు తరతరాలుగా మిగిలాయన్నది లెక్క.

జొన్నచేను:
సరే, ఆ ముక్క ఒప్పుకున్నా. నత్తల మాట మాత్రం వెనక్కి తీసుకోను.