తెలుగు బడి నిలబెట్టమని తిరిగే మనిషి తన కొడుకుని ఇంగ్లీషు మీడియంలో వేస్తే అది ద్వంద్వ నీతేనా?

ప్రశ్న: పర్లాకిమిడి టీచర్

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి దగ్గర ఒక ఊళ్ళో తెలుగు మీడియం ప్రైమరీ స్కూల్లో టీచర్‌ని. ఈ మాట మా ఊళ్ళో ఎవరితోనూ అనలేను. అంటే సాయంత్రానికల్లా ఆయన చెవిన పడుతుంది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

మాది ఒడిశాలో గజపతి జిల్లా. ఒక అడుగు అటు వేస్తే పాతపట్నం, ఆంధ్రా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసుల్లో ఒడియా. మా బడిలో రెండు తరగతులకి ఒకటే గది. ఒకవైపు గోడకి మూడో తరగతి, ఇంకోవైపు గోడకి నాలుగో తరగతి కూర్చుంటారు. వీళ్ళకి లెక్కలు చెబుతుంటే వాళ్ళు ఎక్కాలు ఆపేసి ఇటే చూస్తుంటారు. ఒక పోస్టు ఖాళీగా ఉంది, ఎవర్నీ వెయ్యలేదు. పాఠ్యపుస్తకాలు దసరా దగ్గర పడితే గానీ చేతికి రావు. పిల్లలు ఏటా తగ్గుతున్నారు. ఇంకా తగ్గితే పక్కనున్న ఒడియా బడిలో కలిపేస్తారని భయం.

మా కోసం తిరిగే మనిషి ఒక్కరే, మా తెలుగు సంఘం సెక్రటరీ గారు. బట్టల కొట్టు నడుపుతారు. పోస్టు గురించి కలెక్టరాఫీసుకి వెళ్ళాలంటే కొట్టు మూసుకుని ఆయనే వెళ్తారు. వినతిపత్రం ఒడియాలో రాయాలి కాబట్టి మా వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తారు. ఒక్క దిద్దుబాటు పడినా ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీస్తారు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతికి దండ తెచ్చేదీ, పిల్లలకి పలకలు పంచేదీ ఆయనే. ఆ రోజు మైకులో ప్రతి ఏడూ ఒకటే చెబుతారు, తల్లి భాషలో చదివిన బిడ్డకే పునాది గట్టిగా పడుతుందని. నేనూ ఆ మాట నమ్మే ఈ ఉద్యోగంలో ఉన్నాను.

ఈ సంవత్సరం ఆయన కొడుకుని ఒకటో తరగతిలో వేశారు. మా బడిలో కాదు, టౌన్లో ఇంగ్లీషు మీడియంలో. ఆ స్కూలు బస్సు మా గేటు ముందు నుంచే పోతుంది. బాబు కిటికీ దగ్గర కూర్చుని నాకు చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను. వాడు నా కళ్ళ ముందు పుట్టిన పిల్లాడు.

ఇంతవరకూ ఫరవాలేదు, వాళ్ళ ఇంటి విషయం అనుకున్నాను. అడ్మిషన్ల కోసం సెక్రటరీ గారూ నేనూ కలిసి ఇంటింటికీ తిరిగాం. ఆయన తన మాటలన్నీ చెప్పి పక్కింటి వాళ్ళని పలకరించడానికి వెళ్ళారు. అరుగు మీద అప్పడాలు ఆరబెడుతున్న ఒక తల్లి ఆయన వెళ్ళేదాకా ఆగి, పిండి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ నన్నడిగింది: "సెక్రటరీ బాబు గారి అబ్బాయి ఏ బడికెళ్తన్నాడమ్మా?" నేను చెప్పాను, అబద్ధం ఎలా చెప్పను? ఆవిడ గొడవ పడలేదు. "మరి మా పిల్లకి కూడా అదే మంచిది కదమ్మా" అంది. ఇక నా దగ్గర మాట లేకపోయింది.

నా కూతురి సంగతి కూడా అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఐదో తరగతి దాకా మా బడిలోనే చదివింది. ఆ తర్వాత ఒడియా హైస్కూల్లో చేరింది.

ఇప్పుడు ఇంకో వినతిపత్రం వెళ్ళాలి. సంఘంలో కొందరు "ఆయన సంతకం పైన ఉంటే మన పరువే పోతుంది, తీసేద్దాం" అంటున్నారు. ఇంకొందరికి ఆయన లేకపోతే ఆఫీసు మెట్లెక్కేవాడే లేడన్న భయం. నాకు రెండూ నిజమే అనిపిస్తున్నాయి. చెప్పేదొకటి, సొంత ఇంట్లో చేసేదొకటి అయితే ఆ మనిషిని కపటి అనాల్సిందేనా? ఆయన పడ్డ శ్రమంతా వట్టిదైపోతుందా?

జవాబు: రాయగడ నుంచి

ఇందులో ఆలోచించడానికేముంది మేడమ్? చెప్పేవి శ్రీరంగ నీతులు అన్న సామెత ఊరికే పుట్టలేదు. తల్లి భాషే పునాది అని నిజంగా నమ్మితే తన బిడ్డకి ఆ పునాది ఎందుకు వద్దన్నాడు? కూలి చేసుకునే వాళ్ళ పిల్లల మీద పెట్టి చూసే ప్రయోగమా ఇది? మా రాయగడలోనూ ఇలాంటి పెద్దలున్నారు. సభల్లో తెలుగు కోసం కన్నీళ్ళు, ఇంటికెళ్తే పిల్లలకి తెలుగు అక్షరం రాదు. సంతకం తీసేయండి. చిన్నదైనా నిజాయితీగా ఉన్న చెయ్యి చాలు.

జవాబు: బరంపురం, కోర్టులో పని చేసి రిటైరైన వాణ్ణి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పై తమ్ముడి కోపం అర్థమైంది కానీ నేను ఒప్పుకోలేను.

మీ సెక్రటరీ గారు చేసే పనులు రెండు. వాటిని విడదీసి చూడాలి. ఒకటి, ప్రభుత్వాన్ని అడగడం. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. 1956లో ఏడో సవరణతో వచ్చింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సదుపాయాలు ప్రతి రాష్ట్రమూ కల్పించడానికి ప్రయత్నించాలని అందులో ఉంది. ఒడిశాలో మనం ఆ కోవలోకే వస్తాం. ఆ హక్కు అడగడానికి తన కొడుకు ఆ బడిలోనే చదవాలన్న షరతు ఎక్కడా లేదు. మా వీధిలో పిల్లల్లేని ఒక ముసలాయన బడి ముందు స్పీడు బ్రేకర్ కోసం మున్సిపాలిటీ చుట్టూ తిరిగి వేయించాడు. నీకు పిల్లలు లేరు కదా అని ఆయన్ని ఎవరైనా అంటే ఎంత అన్యాయం!

రెండో పని, ఇంటింటికీ వెళ్ళి "మీ పిల్లని ఇక్కడే వెయ్యండి, ఇదే మంచిది" అనడం. ఇది హక్కు అడగడం కాదు, సలహా చెప్పడం. సలహా చెప్పేవాడు తన ఇంట్లో ఏం చేశాడో తెలుసుకునే హక్కు ఆ తల్లికి పూర్తిగా ఉంది. ఆ తల్లి అడిగింది న్యాయమైన ప్రశ్న. ఆయన అది చెప్పకుండా పక్కింటికి వెళ్ళారే, మీరన్న కపటం ఉంటే అక్కడుంది. కొడుకుని బస్సెక్కించడంలో లేదు.

ఇంగ్లీషు మీడియంలో వెయ్యడం ఆయన స్వేచ్ఛ. 2014 మే నెలలో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇదే తేల్చింది: ప్రాథమిక దశలోనైనా సరే, మాతృభాషలోనే చదవాలని ప్రభుత్వం బలవంతపెట్టకూడదు, ఎంపిక తల్లిదండ్రులదీ పిల్లలదీ.

"మీ పిల్లలెక్కడ చదివారు?" అన్న ప్రశ్న కూడా మనకి కొత్త కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం చేస్తామంటే కొందరు పెద్దలు వద్దన్నారు. అప్పుడు వాళ్ళకి ఎదురైంది ఈ ప్రశ్నే. జనం చప్పట్లు కొట్టారు. కానీ 2020 ఏప్రిల్లో హైకోర్టు ఆ జీవోలని కొట్టేసింది చట్టాన్ని చూసి, ఎవరి పిల్లలు ఎక్కడ చదివారో చూసి కాదు. అడిగినవాడి ఇంటి సంగతిని బట్టి అడిగిన విషయం తప్పో ఒప్పో తేలదు.

మీ ఊరి గిడుగు వారినే తీసుకోండి. సవర గిరిజన పిల్లలకి సవర భాషలో చదువు చెప్పించడానికి సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఆయన సవర కాదు. ఆ బడులు మంచివా కాదా అన్నది ఆయన ఇంటి పిల్లల చదువుని బట్టి తేలుతుందా?

జవాబు: గుణుపురం, ఇద్దరు పిల్లల తల్లి

నా ఇద్దరు పిల్లలూ ఇంగ్లీషు మీడియమే. అయినా తెలుగు బడి మూతపడకూడదనే కోరుకుంటాను. మేడమ్ గారూ, ఇది మీకు కపటంలా కనిపిస్తే బాధపడతాను. మా ఆయన తెలుగు మీడియంలో పది చదివారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఒడియా పాసై ఉండాలి. అది లేక ఇక్కడ ఉద్యోగానికి పనికిరాలేదు, అటు ఆంధ్రా వెళ్తే లోకల్ కాదన్నారు. ఆ రెండు తలుపులూ మూసుకోవడం ఇంట్లో చూశాక నా పిల్లల్ని మళ్ళీ అదే దారిలో పంపే ధైర్యం నాకు లేదు. బడిలో తెలుగూ గట్టిగా చెప్పి, ఒడియా కూడా బాగా నేర్పే టీచరుంటే రేపే మార్పిస్తాను. అలాంటి బడి కావాలని అడగడానికి నాకు అర్హత లేదంటే ఎలా?

జవాబు: సిరోంచ, గడ్చిరోలి జిల్లా

టీచర్ గారూ, నేను మహారాష్ట్ర వైపు వాణ్ణి. మాకు గోదావరి అవతల కాళేశ్వరం. ఇంట్లో తెలుగే, చదువు మాత్రం మరాఠీలో. తెలుగు రాయడం నేను పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాను. అందుకే మీ బడి సంగతి చదువుతుంటే మా ఇంటి విషయంలానే అనిపించింది.

మరాఠీలో చదివినప్పుడు మహాదేవ గోవింద రానడే గురించి చదివాం. వితంతు వివాహాల కోసం గట్టిగా నిలబడ్డ జడ్జి. 1873లో ఆయన మొదటి భార్య చనిపోయింది. ఇప్పుడు వితంతువుని చేసుకుంటాడని తోటి సంస్కర్తలు ఎదురుచూశారు. తండ్రి పట్టుబట్టాడు. 31 ఏళ్ళ రానడే 11 ఏళ్ళ రమాబాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఊరంతా నిందించింది, నిందించాల్సిందే. ఆ ఒక్క పెళ్ళితో వితంతు వివాహాల పక్షానికి ఎంత దెబ్బ తగిలిందో ఊహించండి.

నా దృష్టి అంతా ఆ తర్వాత జరిగిన దాని మీదే. ఆయన తన పెళ్ళి సరైనదని చూపించుకోవడానికి సిద్ధాంతం మార్చుకోలేదు. ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు సాధిస్తున్నా ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చదువు చెప్పించాడు. పుణెలో 1909లో ఆడవాళ్ళ కోసం సేవాసదన్ మొదలైతే దానికి ముందు నిలిచింది ఆ రమాబాయే. రానడే చేసింది తప్పు కాదని నేననను. ఇంట్లో ఓడిపోయిన మనిషీ, బయట నటించే మనిషీ ఒకటి కాదంటున్నాను. ఓడిపోయినవాడు ఆ మాట కోసం ఇంకా ఏదో ఒకటి చేస్తూనే ఉంటాడు, దానికి ఖర్చు కూడా పెడతాడు. నటించేవాడికి ఖర్చు ఉండదు. మీ సెక్రటరీ గారు కొట్టు మూసి వెళ్తున్నారంటే ఆ రోజు బేరం పోగొట్టుకుంటున్నారు. అది లెక్కలోకి తీసుకోండి.

ఒక్క మాట, రాయగడ అన్నా. మాకు సిరోంచలో మీ సెక్రటరీ లాంటి వాడు ఒక్కడు ఉన్నా మేం అక్షరాలు నేర్చుకునేవాళ్ళం. మచ్చలేని మనిషి దొరికేదాకా ఆగుదామంటే పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు.

మళ్ళీ: పర్లాకిమిడి టీచర్

అందరికీ ధన్యవాదాలు. బరంపురం బాబుగారి జవాబు చదివాక ధైర్యం చేసి కొట్టు దగ్గరికే వెళ్ళి ఆయన్నే అడిగాను. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు. గుణుపురం అమ్మ చెప్పినట్టే ఉంది ఆయన కథ కూడా. ఒక ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థమై, జవాబు తెలిసి కూడా ఇంగ్లీషులో నోరు పెగల్లేదట. "నా కొడుకు అలా నిలబడకూడదమ్మా. మీ బడిలో పోస్టు నిండి, ఇంగ్లీషు చెప్పే టీచరు కూడా ఉంటే వాణ్ణి ఇక్కడే వేసేవాణ్ణి" అన్నారు. నేను నమ్మాను.

అయినా ఆయనతో చెప్పిన మాట ఇక్కడా చెబుతున్నాను. ఆయన్ని కపటి అనను. కానీ నష్టం జరిగింది. కపటం లేదు కాబట్టి నష్టం కూడా లేదని మాత్రం ఎవరూ అనొద్దు. మా బడిలో ఒక్కో బిడ్డా లెక్కే. ఊళ్ళో అందరూ చూసే ఇంటి బిడ్డ బస్సెక్కితే, ఆ వెనక ఇంకో రెండు మూడు ఇళ్ళు అదే బస్సు వైపు చూస్తాయి. బడి బాగుపడితే పిల్లాణ్ణి వేస్తానని ఆయన, పిల్లలు వస్తేనే బడి బాగుపడుతుందని నేను. ఈ ముడి మా ఇద్దరి మంచితనంతో విడిపోయేది కాదు. పోస్టు నిండాలి.

సిరోంచ తమ్ముడూ, రానడే గారి సంగతి ఆయనకి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సంఘం మీటింగులో నేను చెప్పబోయేది ఇదీ. వినతిపత్రం మీద ఆయన సంతకం ఉండాలి, పైనే ఉండాలి. ఇంటింటికీ నాతో వస్తే మాత్రం ముందు తన కొడుకు ఎక్కడ చదువుతున్నాడో, ఎందుకో గడపలోనే చెప్పాలి. దానికి ఆయన సరే అన్నారు. మైకులో చెప్పే ఆ పునాది మాట ఇంక నేను చెబుతానన్నాను. దానికీ ఒప్పుకున్నారు.

జవాబు: రాయగడ నుంచి

సంతకం విషయంలో నా మాట మారదు మేడమ్. కానీ గడపలో ముందే చెప్పాలన్న మీ షరతు బాగుంది. అది పాటిస్తే నేను నోరు మూసుకుంటాను.

జవాబు: బరంపురం, కోర్టులో పని చేసి రిటైరైన వాణ్ణి

మంచి పని చేశారమ్మా. ఇక కాగితం సంగతి చూద్దాం. 350ఎతో పాటు 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం చేసిన తీర్మానం కూడా రాయండి. బడి మొత్తం మీద ఆ భాష పిల్లలు 40 మందికి తగ్గకుండా గానీ, ఒక తరగతిలో 10 మందికి తగ్గకుండా గానీ ఉంటే కనీసం ఒక టీచర్ని వెయ్యాలని అందులో ఉంది. మీ రిజిస్టరు తీసి తరగతివారీగా పేర్లు రాసి, పక్కన తల్లిదండ్రుల సంతకాలో వేలిముద్రలో తీసుకోండి. ఒక కాపీ 350బి కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కలెక్టరాఫీసులో ఇచ్చే కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రావొద్దని సెక్రటరీ గారికి చెప్పండి. ఒడియా డ్రాఫ్ట్ ఫొటో తీసి పెడితే ఈ రాత్రికే చూసి పెడతాను.