‘రాష్ట్రరహిత బాలలు’: ఈ మాట నిలుస్తుందా?

శ్రీకాకుళం జిల్లా అంగన్‌వాడీ కార్యకర్తల కోసం వచ్చిన ఒక కరపత్రానికి భాష సరిచూస్తున్నాను. ఏ దేశమూ తన పౌరులుగా ఒప్పుకోని పిల్లలను అందులో ‘రాష్ట్రరహిత బాలలు’ అన్నారు. ఇచ్ఛాపురం వైపు పనిచేసే కార్యకర్త ఒకామె చదివి, “ఒడిశా నుంచి వచ్చిన పిల్లలా అండీ?” అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. మంచి మాట చెప్పండి.

— సంస్కృతంలో రాష్ట్రం అంటే దేశమే. ‘రాష్ట్రపతి’లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. మన చెవికి మాత్రం రాష్ట్రమంటే ఆంధ్రా, ఒడిశా. ‘రాజ్యరహితులు’ అనండి.

— మాస్టారూ, మా విజయనగరంలో ఆ మాట అంటే కోట పోగొట్టుకున్న రాజుగారు గుర్తొస్తారు! ‘దేశం లేని పిల్లలు’ చాలదా?

— చాలదండీ. పుట్టిన నేల ఉంది, ఊరు ఉంది. లేనిది చట్టం గుర్తింపు. 1954 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిర్వచనం కూడా అదే: ఏ దేశమూ తన చట్టం ప్రకారం తన జాతీయుడిగా పరిగణించని వ్యక్తి. తమ గడ్డమీద పుట్టి, మరే పౌరసత్వమూ దక్కని బిడ్డకు తమ పౌరసత్వం ఇవ్వాలని 1961 ఒప్పందం దేశాలను కోరుతుంది. ఈ రెండింటిలోనూ మన దేశం చేరలేదు.

— జననం నమోదైతే పౌరసత్వం వచ్చినట్టే కదా?

— కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. నమోదు 1969 చట్టం కింద జరుగుతుంది, 21 రోజుల్లో చెప్పాలి. పౌరసత్వం 1955 చట్టానిది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుడితే దాదాపు అందరికీ అదే చాలు. ఆ తరువాత తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులు కావాలి. 2004 డిసెంబర్ 3 నుంచి రెండోవారు అక్రమ వలసదారు కాకూడదనీ చేర్చారు. బిడ్డ ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి పుట్టిందో చూపే కాగితం అందుకే ముఖ్యం. వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళిన మన మత్స్యకార కుటుంబంలో బిడ్డ అక్కడ పుడితే నమోదు అక్కడే. కాగితం లేనంత మాత్రాన పౌరసత్వం పోదు. కానీ దాన్ని రుజువు చేసుకోవడం తలకు మించిన పని.

— అయితే కరపత్రంలో చివరికి ఏ మాట పెట్టారు?

— ‘ఏ దేశ పౌరసత్వమూ లేని పిల్లలు’ అని మార్చాను. పొడుగే, ఒప్పుకుంటాను. ‘జనన నమోదు’ పక్కన ‘పుట్టుక రాయించడం’ అనీ చేర్చాను. ఆ కార్యకర్త ఈసారి ఏ మాట అర్థమూ అడగలేదు, 21 రోజులు దాటితే ఎవరి దగ్గరికి వెళ్ళాలని అడిగింది.