రోజువారీ వాడకానికి ఒకే జూమ్ లెన్స్: 24-105 ఎఫ్/4 మేలా, 28-75 ఎఫ్/2.8 మేలా?

కొత్తచూపు (ప్రశ్న)

నమస్కారం. చాలాకాలంగా ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న) సెన్సర్ ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌తో, దానితో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో ఫొటోలు తీస్తూ వచ్చాను. ఇప్పుడు సోనీ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా తీసుకున్నాను. బాడీ మాత్రమే, లెన్స్ లేదు. ఎప్పుడూ కెమెరాకు తగిలించి ఉంచదగిన జూమ్ ఎంపికలో మీ సలహా కోరుతున్నాను. నేను ఎక్కువగా తీసేవి ఇంట్లో పిల్లలు, కుటుంబ వేడుకలు, ప్రయాణాల్లో కట్టడాలు, ప్రకృతి దృశ్యాలు, అప్పుడప్పుడు పూలు. పక్షుల జోలికి, ఆటల పోటీల జోలికి వెళ్లను.

వడపోత తరువాత రెండు మిగిలాయి. మొదటిది సోనీ 24-105 ఎఫ్/4 జీ ఓఎస్‌ఎస్, బరువు 663 గ్రాములు. రెండోది టామ్రాన్ 28-75 ఎఫ్/2.8 జీ2, బరువు 540 గ్రాములు. మొదటిదానిలో జూమ్ పరిధి ఎక్కువ, లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంది. రెండోదానిలో అపర్చర్ (వెలుతురు ప్రవేశించే ద్వారం) ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు వచ్చేంత, ఎక్కువగా తెరుచుకుంటుంది. సోనీ 24-70 ఎఫ్/2.8 జీఎం 2 మంచిదని తెలుసు గానీ అది నా స్తోమతకు మించినది. ఇంట్లో ఎఫ్/4 సరిపోతుందా? బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నప్పుడు లెన్స్‌లో ఉన్నదానికి ఎంత విలువ ఇవ్వాలి? ఫోకల్ లెంగ్త్ (ఈ అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పుగా పడుతుంది) విషయంలో 24కూ 28కూ మధ్య ఉన్న నాలుగు మిల్లీమీటర్లు పట్టించుకోవలసినంత తేడానా?

వెలుగునీడ

మీ జాబితాలో పిల్లలు ముందున్నారు కనుక వెలుతురు సంగతి ముందు చెబుతాను. రాత్రిపూట మామూలు దీపాల వెలుగులో ఇంట్లో ఎఫ్/2.8, 1/125 సెకను పెట్టుకుంటే ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) ఇంచుమించు 3200 దగ్గర నిలుస్తుంది. కూర్చుని బొమ్మ గీసుకుంటున్న పిల్లవాడికి ఆ షట్టర్ వేగం చాలు. వాడే లేచి గంతులు వేయడం మొదలుపెడితే 1/250 అయినా కావాలి. అప్పుడు ఐఎస్ఓ 6400 అవుతుంది. ఇదే సన్నివేశం ఎఫ్/4లో 12800 అడుగుతుంది. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లు 6400 వద్ద నిబ్బరంగానే ఉంటాయి గానీ 12800కు చేరేసరికి జుట్టులోని పోగులు, చర్మంలోని సూక్ష్మ వివరాలు కరిగిపోవడం కంటికి తెలుస్తుంది. నాయిస్ (ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గించే సాఫ్ట్‌వేర్ కొంత ఆదుకుంటుందన్న మాట నిజమే.

స్టెబిలైజేషన్ మన చేతి వణుకును మాత్రమే సరిచేస్తుంది, ఎదుటివారి కదలికను ఆపలేదు. నిశ్చలంగా ఉన్న కట్టడాన్ని మసక వెలుతురులో తీయడానికి అది గొప్ప సాయం. పరుగెత్తే పిల్లవాడి చేతిని నిలిపి చూపించడానికి ఎందుకూ పనికిరాదు. పైగా మీ బాడీలో అది ఎలాగూ ఉంది. లెన్స్‌లోనూ ఉంటే రెండూ పని పంచుకుంటాయి, ఆ మేలు పొడవైన ఫోకల్ లెంగ్త్‌లలో, చేత్తో పట్టుకుని తీసే వీడియోలో ఎక్కువగా కనిపిస్తుంది. 24 నుంచి 70 వరకు దానికోసం నేనైతే ఒక స్టాప్ వెలుతురును వదులుకోను. మీకు నా ఓటు టామ్రాన్‌కే.

దూరదృశ్యం

వెలుగునీడ గారు చెప్పిన లెక్క సరైనదే. కాకపోతే ఎఫ్/2.8 అనగానే చాలామంది ఆశపడేది వెలుతురు కోసం కన్నా వెనుక నేపథ్యం మసకబారడం కోసం. అక్కడ ఈ రెండు లెన్సుల మధ్య అనుకున్నంత దూరం లేదు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుతురు ప్రవేశించే ద్వారపు వ్యాసం వస్తుంది. 75ను 2.8తో భాగిస్తే సుమారు 27 మి.మీ., 105ను 4తో భాగిస్తే 26 మి.మీ. మనిషి ఫ్రేములో ఒకే పరిమాణంలో ఉండేలా నిలబడి తీస్తే దూరపు చెట్లు, దీపాలు రెండింటిలోనూ దాదాపు ఒకే మోతాదులో మసకబారతాయి. నేపథ్యం మనిషికి బాగా దగ్గరలో ఉన్నప్పుడు మాత్రం ఎఫ్/2.8ది పైచేయి. అయితే ముఖానికి దగ్గరగా తీసేటప్పుడు ఎఫ్/4లో ఫోకస్ లోతు ఎక్కువ కనుక రెండు కళ్లూ స్పష్టంగా రావడం తేలిక.

ఇక నాలుగు మిల్లీమీటర్ల సంగతి. గోడకు మూడు మీటర్ల దూరంలో నిలబడితే 24 వద్ద ఫ్రేములో అడ్డంగా నాలుగున్నర మీటర్లు పడతాయి, 28 వద్ద 3.85 మీటర్లు మాత్రమే. వేడుకల్లో గ్రూప్ ఫొటో తీసేటప్పుడు ఆ అరవై ఐదు సెంటీమీటర్లు అంటే అంచున ఉన్న ఒక మనిషి. వెనక్కి జరగడానికి చోటు ఉంటే బాధ లేదు. చోటు లేని సందర్భాలే ఇంట్లో ఎక్కువ. పొడవు చాలకపోతే క్రాప్ చేసుకోవచ్చు, వెడల్పు చాలకపోతే అలాంటి దారి లేదు. ఈ న్యాయం టామ్రాన్‌కు కొంత అనుకూలమేనని ఒప్పుకోవాలి: 75 వద్ద తీసి 105 అంత చూపించాలంటే పిక్సెళ్లు సగానికి తగ్గుతాయి, 24 మెగాపిక్సెళ్ల బాడీలో 12 మిగులుతాయి, ఏ4 సైజు ప్రింటుకు అవి ధారాళంగా సరిపోతాయి. అందుచేత నేను 24-105ను మెచ్చుకునేది 105 కోసం కాదు, 24 కోసం.

మీ పాత ఫొటోలే మీకు మంచి సాక్ష్యం. ఫొటోలను సర్దుకునే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఫోకల్ లెంగ్త్ వారీగా వడపోసి చూపిస్తాయి. మీరు వాడిన 18-55 ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో ఇంచుమించు 28-85కు సమానం. 18 దగ్గరే గుట్టగా పడి ఉన్నాయంటే మీకు వెడల్పు చాలడం లేదన్నమాట. 55 దగ్గర ఉంటే పొడవు చాలడం లేదు. రెండూ కాక మధ్యలో పరచుకుని ఉంటే 28-75 మీకు ఇరుకు అనిపించదు.

పూలబాట

పూల ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. అంకెల్లో చూస్తే టామ్రాన్‌దే పైచేయి, సెన్సర్ నుంచి 18 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్తుంది. కానీ ఆ దూరం 28 వద్ద మాత్రమే. లెన్స్ పొడవు పోగా పువ్వుకూ ముందు గాజుకూ మధ్య మిగిలేది నాలుగైదు సెంటీమీటర్లు. లెన్స్ నీడ రేకుల మీద పడుతుంది, హుడ్ తీయక తప్పదు, వెనుక తోటంతా ఫ్రేములోకి వచ్చి పడుతుంది. సోనీ 24-105 కనీస దూరం 38 సెంటీమీటర్లు, అయితే ఆ దూరం 105 వద్ద కూడా వర్తిస్తుంది, 0.31 రెట్ల మాగ్నిఫికేషన్ వస్తుంది, అంటే సెన్సర్ మీద పువ్వు అసలు పరిమాణంలో 0.31 వంతుగా పడుతుంది. పువ్వు మీద నీడ పడదు, నేపథ్యం చిన్న ముక్కగా, మెత్తగా వస్తుంది. పూల కోసమైతే రెండోసారి ఆలోచించకుండా 24-105 తీసుకుంటాను.

కట్టడాలు తీస్తారు కనుక మరొకటి. ఈ లెన్స్‌లో 24 వద్ద సరళరేఖలు బయటికి ఉబ్బుతాయి. జేపెగ్‌లో కెమెరాయే సరిచేస్తుంది. ర్యా (కెమెరా సరిదిద్దని ముడి) ఫైళ్లు తీస్తే సాఫ్ట్‌వేర్‌లో లెన్స్ ప్రొఫైల్ (ఆ ఉబ్బును సరిచేసే అమరిక) పనిచేస్తోందో లేదో చూసుకోండి.

తేలికసంచి

మీ జాబితాలో లేని 20-70 ఎఫ్/4 జీని కూడా ఒకసారి చూడండి. 2023లో వచ్చిన ఈ లెన్స్ బరువు 488 గ్రాములే. దూరదృశ్యం గారి గోడ లెక్కలో ఇది 5.4 మీటర్లు చూపిస్తుంది. లెన్స్‌లో స్టెబిలైజేషన్ లేదు, 70 వద్ద ఆగిపోతుంది. ముఖచిత్రాలు ఇష్టపడేవారికి అది వెలితే.

ఇక ఒకే లెన్స్ అన్న నియమాన్ని కొంచెం సడలించుకోమని నా మనవి. ఎఫ్/4 జూమ్‌కు తోడుగా 280 గ్రాముల 35 ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఉంటే రాత్రి ఇంట్లో రెండు స్టాపుల పైచిలుకు వెలుతురు అదనంగా దొరుకుతుంది. వెలుగునీడ గారు చెప్పిన 12800 అప్పుడు 2500 దరిదాపులకు దిగివస్తుంది, ఇది ఎఫ్/2.8 జూమ్ కూడా ఇవ్వలేనిది. పగలు బయట జూమ్, రాత్రి ఇంట్లో ప్రైమ్ అనుకుంటే ఒకే పూట లెన్సులు మార్చుకునే అవస్థ ఉండదు.

వెలుగునీడ

తేలికసంచి గారి ఏర్పాటు ఇంటి వరకు నాకూ సమ్మతమే. వేడుకల్లో మాత్రం కుదరదు. ఒక క్షణం పెద్ద గుంపు, మరుక్షణం ఒక్కరి ముఖం. 35తో ఆ రెండోది తీయాలంటే ఎదుటివారి మీదికి వెళ్లవలసి వస్తుంది. అయితే ఫ్లాష్ వెలుతురును పైకప్పు మీదికి మళ్లించి తీసే అలవాటు మీకు ఉంటే, ఎఫ్/4కూ ఎఫ్/2.8కూ మధ్య తేడా అక్కడ చాలావరకు సమసిపోతుంది.

కొత్తచూపు

అందరికీ ధన్యవాదాలు. పాత ఫొటోలు వడపోసి చూశాను. సగానికి పైగా 18 దగ్గరే ఉన్నాయి; మిగిలినవాటిలో ఎక్కువ భాగం 55 దగ్గర ఉన్నాయి, మధ్యలో ఉన్నవి చాలా తక్కువ. అంటే నాకు రెండు కొసలూ చాలడం లేదు. అందువల్ల 24-105 వైపే మొగ్గుతున్నాను, 35 ఎఫ్/1.8 తరువాత చూసుకుంటాను. వాడిన లెన్స్ ఒకటి మంచి స్థితిలో దొరుకుతోంది. తీసుకునే ముందు ఏమేమి పరీక్షించాలి?

దూరదృశ్యం

గీతలు, గళ్లు స్పష్టంగా ఉన్న చదునైన గోడకు కెమెరాను సమాంతరంగా ట్రైపాడ్ మీద నిలిపి, ఎఫ్/4లో 24, 50, 105 వద్ద తీయండి. నాలుగు మూలలనూ పూర్తి సైజులో పోల్చి చూడండి. మూలలన్నీ కొద్దిగా మెత్తగా ఉంటే అది లెన్స్ స్వభావం. ఒక పక్క మాత్రమే మసకగా ఉంటే లోపలి గాజు పక్కకు జరిగి ఉండవచ్చు, అలాంటిది తీసుకోవద్దు. తరువాత లెన్స్‌ను కిందికి వంచి పట్టుకుని కాస్త కదపండి. గొట్టం దానంతట అదే జారితే జూమ్ రింగ్ వదులైందని అర్థం. వెనుక నుంచి చిన్న టార్చి వేసి లోపల బూజు దారాలు ఉన్నాయేమో చూడండి. నాలుగైదు ధూళి కణాలు కనిపిస్తే కంగారుపడవద్దు, అవి ఫొటోలో కనిపించవు.