రోజుకు 1200 కేలరీలా, 1500 కేలరీలా? బరువు తగ్గడానికి ఏ లెక్క పట్టుకోవాలి?

కృష్ణలంక:
నా వయసు 34, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 74 కిలోలు. ఆఫీసులో రోజంతా కుర్చీ పని. 60 కిలోలకు రావాలని ఉంది. జిమ్‌లో ట్రైనర్ 1200 కేలరీలు దాటొద్దన్నాడు. డైటీషియన్ 1500 కంటే తగ్గించొద్దన్నారు. ఫోన్‌లో యాప్ 1350 చూపిస్తోంది. మూడు చోట్లా నేను ఇచ్చిన వివరాలు ఒకటే. పోయినసారి 1200తో మొదలుపెట్టి పంతొమ్మిది రోజులకు వదిలేశాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కళ్లు తిరిగేవి, పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని. ఈసారి అత్తయ్య కూడా నాతో పాటు చేస్తానంటున్నారు, ఆవిడకు షుగరు. ఏ అంకె పట్టుకోవాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తూకం:
అక్కా, 1200 పెట్టుకోండి. నేను 92 కిలోల నుంచి 1200 మీదే నాలుగు నెలల్లో 78కి వచ్చాను. మొదటి రెండు వారాలు కష్టం, తర్వాత పొట్ట అలవాటు పడుతుంది. 1500 తింటూ నెలకు అరకిలో తగ్గితే ఎవరికైనా విసుగొస్తుంది. ముందు కంటికి కనపడేంత తగ్గాలి, అప్పుడే మన మీద మనకు నమ్మకం వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

లెక్కల మాస్టారు:
ముందు లెక్క వేద్దాం. డైటీషియన్లు ఎక్కువగా వాడే మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం 1990 నాటిది. ఆడవాళ్లకైతే బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చవేసి కలిపి, అందులోంచి వయసుకు 5 రెట్లు, ఆపైన 161 తీసేయాలి. మీ విషయంలో 740, 987.5 కలిపి, 170, 161 తీసేస్తే దాదాపు 1397. కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసింది అంత. కుర్చీ పని అని 1.2తో హెచ్చవేస్తే 1676. అంటే బరువు పెరగకుండా, తగ్గకుండా ఉండాలంటే మీరు 1676 తినాలని సూత్రం అంటోంది.

1200 తింటే రోజుకు 476 లోటు, 1500 తింటే 176 మాత్రమే. కిలో కొవ్వుకు 7700 కేలరీలని వేస్తే 1200 మీద నెలకు 1.8 కిలోలు, 1500 మీద ముప్పావు కిలో కంటే తక్కువ. ట్రైనర్ చెప్పింది వట్టి మాటేం కాదు. ఎత్తు తక్కువ, కూర్చునే పని ఉన్న ఆడవాళ్లకు కోయడానికి చోటే కొంచెం. ఆరడుగుల మగవాడు రోజుకు 500 తగ్గించినా ఇంకా కడుపు నిండా తింటాడు. మీకు ఆ వీలు లేదు.

వార్డు డ్యూటీ:
నేను వరంగల్‌లో నర్సుని. అత్తయ్య గారికి షుగరు అన్నారు కాబట్టి ఆ సంగతి ముందు చెప్తాను, మిగతా చర్చ తర్వాత. ఆవిడ గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేసుకుంటున్నారా? ఇన్సులిన్ తీసుకుంటున్నారా? అయితే డాక్టరుతో మాట్లాడకుండా తిండి తగ్గించకూడదు. మాత్ర తన పని తాను చేసుకుపోతుంది, కడుపులో అన్నం ఉందా లేదా దానికి తెలియదు. షుగరు పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. శనివారం ఒక్కపొద్దు ఉండి, మాత్ర మాత్రం మామూలుగా వేసుకుని మా దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లను నేను చూశాను. మీ ఇద్దరికీ ఒకే అంకె వద్దు, దయచేసి.

కృష్ణలంక:
మాత్ర అట్ట మీద చూశాను. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ కలిసినదే. డాక్టరుకు చూపించేదాకా అత్తయ్యను ఆపుతాను. చాలా థాంక్సండీ, నాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు.

పొలం గట్టు:
మాది నల్గొండ జిల్లా. మా నాయనమ్మ జొన్నగట్క, పచ్చిపులుసు తిన్నది, కేలరీ అన్న మాటే వినలేదు. ఎన్నడూ లావు కాలేదు. తెల్లన్నం మాని జొన్న, కొర్ర పట్టండి, ఈ అంకెల గోల ఎందుకు?

లెక్కల మాస్టారు:
మీ నాయనమ్మ గారు నాట్లు వేసి, కలుపు తీసి, నీళ్లు మోసి ఉంటారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 55 కిలోల స్త్రీకి కూర్చునే పనైతే 1660 కేలరీలు, బరువు పనైతే 2720 కావాలి. తేడా వెయ్యి పైనే. జొన్న మంచిదే, పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది. కానీ పొడి గింజల్లో చూస్తే వంద గ్రాముల బియ్యానికీ వంద గ్రాముల జొన్నకూ కేలరీల్లో పెద్ద తేడా లేదు. జొన్నరొట్టెలు నాలుగు తిని అన్నం మానేశానని ఊరట పడితే బరువు కదలదు.

డల్లాస్ తెలుగు:
నేను 1200కి పూర్తిగా వ్యతిరేకిని. ఆ అంకె మన ఒళ్లు చూసి ఎవరో కట్టింది కాదు. 1918లో అమెరికాలో లులు హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ బరువు తగ్గేవాళ్లకు 1200 అని రాస్తే అప్పటినుంచి నోళ్లలో పడి తిరుగుతోంది. ఇక 1944–45లో మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలు రోజుకు 1570 కేలరీల దాకానే పెట్టారు. మనుషులు దిగాలుగా అయిపోయారు, ఎప్పుడూ చలి, పగలూ రాత్రీ తిండి ధ్యాస. ఆ ప్రయోగంలో ఆకలి అంటే 1570. మనం 1200ని డైట్ అంటున్నాం!

తూకం:
అన్నా, ఆ ప్రయోగంలో వాళ్లు లావుగా ఉన్నవాళ్లు కాదు. వారానికి 35 కిలోమీటర్ల దాకా నడిచారు కూడా. వాళ్లకు మామూలుగానే 3000 పైన కావాలి. దాన్ని కుర్చీలో కూర్చునే అక్కకు పోల్చడం సరికాదు. మీరు ఒకటి చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెప్తాను. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. షుగరు ఉన్నవాళ్లకు మూడు నుంచి అయిదు నెలలు రోజుకు 825–853 కేలరీలే ఇచ్చారు. ఏడాదికి నూటికి 46 మందికి మందులు లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది. తక్కువ తినడమే ప్రమాదమైతే ఇది ఎలా సాధ్యం?

వార్డు డ్యూటీ:
తమ్ముడూ, ఆ పరిశోధన నిజమే, నాకూ నచ్చింది. కానీ మొదటి రోజే వాళ్ల షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు. విటమిన్లు, ప్రోటీన్ లెక్కగా కలిపిన తయారీ ఆహారం ఇచ్చారు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లను తీసుకోనే లేదు. తర్వాత మామూలు తిండికి మెల్లగా తెచ్చి, నెలనెలా పిలిచి చూశారు. ఇంట్లో రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, రాత్రి మజ్జిగ తాగి 850 అనుకుంటే అది వేరు. అందులో ప్రోటీన్ ఎంత? ముప్పై గ్రాములు కూడా రాదు. కొవ్వుతో పాటు కండా పోతుంది, మూడో నెలకు జుట్టు దువ్వెనకు వస్తుంది. చాలా త్వరగా తగ్గినవాళ్లకు పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఇంకో మాట, నువ్వు 78కి వచ్చానన్నావు, ఇప్పుడు ఎంత ఉన్నావు?

తూకం:
83. దాచాల్సిన పని లేదు. 1200 ఆపిన నెలలో మేనమామ కూతురి పెళ్లి, తర్వాత పండగలు. ఏం తినాలో నాకు తెలియలేదు. 1200 తినడం నేర్చుకున్నాను కానీ 2000 తినడం నేర్చుకోలేదు. అయినా 92కి వెళ్లలేదు, ఆ నాలుగు నెలలు నాకు వృథా అనిపించవు.

లెక్కల మాస్టారు:
తూకం గారి మాట ఈ చర్చలో నాకు చాలా విలువైనదిగా అనిపిస్తోంది. నేను పైన వేసిన లెక్కను కూడా సవరించుకోవాలి. పౌండుకు, అంటే అరకిలోకు కాస్త తక్కువకు, 3500 కేలరీలన్న సూత్రం 1958 నాటిది, 7700 అక్కడినుంచే వచ్చింది. ఒళ్లు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుందని అందులో లేదు. అమెరికా పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 2011లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కిలో తగ్గుతాం. అందులో సగం మొదటి ఏడాదిలో, దాదాపు మొత్తం మూడేళ్లలో. అంటే 1676 నుంచి 1500కి దిగితే మూడేళ్లకు 7 కిలోలు.

ఇంకో వైపు నుంచి చూడండి. రేపు కృష్ణలంక గారు 60 కిలోలు అయ్యారనుకుందాం. అప్పుడు అదే సూత్రం వేస్తే 1257, దాన్ని 1.2తో హెచ్చవేస్తే 1508. డైటీషియన్ చెప్పిన 1500 ఆ 60 కిలోల మనిషి జీవితాంతం తినే తిండి! దాన్ని ఇవాళే మొదలుపెట్టమంటున్నారు ఆవిడ. నెమ్మదే, కానీ చేరిన తర్వాత కొత్తగా నేర్చుకోవలసింది ఉండదు.

తూకం:
మూడేళ్లు ఎవరు ఆగుతారు మాస్టారూ?

వంటిల్లు:
ఇంతసేపూ చదివాను. మీరంతా 1200, 1500 అంటున్నారు, ఆ 1500ని కొలిచేది ఎలాగో ఎవరూ అడగలేదు. నా బాధ అదే. 1992లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. "ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు" అనేవాళ్లను తీసుకుని కొలిస్తే, రాసుకున్నదానికంటే చాలా ఎక్కువ తింటున్నారు. తిన్నదాంట్లో 47 శాతం లెక్కలోకి రాలేదు. వాళ్లు అబద్ధాలకోర్లు కాదు, కనపడనిది రాయలేదు అంతే.

మన ఇళ్లల్లో కనపడనిది నూనె. యాప్‌లో "వంకాయ కూర ఒక కప్పు" అని కొడితే ఒక అంకె వస్తుంది. అది గుత్తివంకాయా, నీళ్లు పోసి ఉడికించిన పప్పు వంకాయా? చెంచాలతో కొలవకండి, నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో చూడండి. లీటరు ప్యాకెట్‌లో 910 గ్రాములు ఉంటుంది, గ్రాముకు 9 కేలరీలు. మా ఇంట్లో నలుగురికి నెలకు అయిదు ప్యాకెట్లు అయ్యేవి. తలకు రోజుకు 38 గ్రాములు, అంటే 340 కేలరీలు. పిల్లల వాటా తక్కువ కాబట్టి నా వాటా ఇంకా ఎక్కువే. నేను యాప్‌లో రోజూ రెండు చెంచాలని రాసేదాన్ని.

ఇక బియ్యం. వండిన అన్నం గుమ్మటంగా పెట్టిన పళ్లెంలో ఎంత ఉందో కంటికి తెలియదు. వండాక తూకం వేస్తే వంద గ్రాములకు 130 కేలరీలు. మూడు వందల రూపాయల కిచెన్ త్రాసు కొనండి. కృష్ణలంక గారూ, ఏ అంకే పెట్టుకోకండి ముందు. రెండు వారాలు ఇప్పుడు తింటున్నదే తినండి, ప్రతిదీ తూచి రాయండి, బరువు చూసుకోండి. బరువు కదలకపోతే ఆ సగటే మీ అసలు అంకె. సూత్రం పుస్తకంలోది, ఇది మీ ఒంటిది.

డల్లాస్ తెలుగు:
ఇది నిజం. ఇక్కడ ప్యాకెట్ మీద రాసినదానికంటే కేలరీలు 20 శాతం దాకా ఎక్కువ ఉండవచ్చని నిబంధనలే ఒప్పుకుంటాయి. చేతి గడియారం చూపే ఖర్చునైతే నమ్మనే వద్దు. నడక అయ్యాక గడియారం 300 అన్నదని ఆ 300 తినేసిన రోజులు నాకున్నాయి.

కృష్ణలంక:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. త్రాసు కొన్నాను. పద్నాలుగు రోజులు ఏదీ వదలకుండా రాశాను, పిల్లల కంచంలో మిగిలిన ముద్ద, వండేటప్పుడు నోట్లో వేసుకున్న పల్లీలు, ఆఫీసులో రెండు టీలతో సహా. నూనె ప్యాకెట్ల లెక్కన వేసుకున్నాను. రోజుకు సగటున 1910. బరువు మొదటి రోజు 74.1, చివరి రోజు 74.0.

అంటే నా అంకె 1676 కాదు, 1900.

లెక్కల మాస్టారు:
తప్పు నాదే. మీరు కుర్చీ పని అన్నారు, నేను 1.2 వేసేశాను. మీ ఇల్లు ఎన్నో అంతస్తు?

కృష్ణలంక:
మూడు, లిఫ్ట్ లేదు. పొద్దున అయిదున్నరకు లేచి ఇద్దరికి క్యారేజీలు, నీళ్లు పట్టడం, బస్టాపు దాకా నడక, సాయంత్రం మళ్లీ వంట, బట్టలు. ఇదంతా పనిలో లెక్కకు వస్తుందని నాకు తోచలేదు. యాప్‌లో "ఉద్యోగం ఏమిటి" అని అడిగితే కూర్చునేది అని నొక్కాను.

లెక్కల మాస్టారు:
కొంత కదిలే పని ఉన్నవాళ్లకు వేసే 1.375తో హెచ్చవేస్తే 1920 వస్తుంది. మీ త్రాసు చెప్పింది దాదాపు అదే. ఇంటిపని కలపకుండా లెక్క వేసి ఎంతమంది ఆడవాళ్లకు 1200 రాసిస్తున్నారో తలుచుకుంటే బాధగా ఉంది. మీరు 1200 తిన్న పంతొమ్మిది రోజులు రోజుకు 700 లోటుతో గడిపారు. కళ్లు తిరగక ఏమవుతాయి?

తూకం:
అక్కా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీ విషయంలో. 1900 ఖర్చయ్యేవాళ్లకు 1500 అంటే 400 లోటు, మొదట్లో నెలకు కిలోన్నర దాకా తగ్గుతారు. అది కంటికి కనపడుతుంది. అయితే నిజంగానే 1650 మాత్రమే ఖర్చయ్యే పెద్దవాళ్ల సంగతి ఏమిటన్నది మాత్రం ఈ చర్చలో తేలలేదు. వాళ్లకు 1500 అంటే దాదాపు ఏమీ మారనట్టే.

వార్డు డ్యూటీ:
వాళ్లకు నేనైతే ముందు నడక పెంచమంటాను, తిండి మరీ కోయొద్దంటాను. నీ ప్రశ్న న్యాయమైనదే తమ్ముడూ, దానికి అందరికీ సరిపోయే జవాబు నా దగ్గర లేదు. కృష్ణలంక గారూ, 1500లో పప్పు, పెరుగు, గుడ్లు కలిపి ప్రోటీన్ 60 గ్రాములైనా ఉండేలా చూసుకోండి. ఒక కప్పు పప్పుచారుతో ప్రోటీన్ వచ్చేసిందనుకోవద్దు, అందులో నీళ్లే ఎక్కువ. బరువు నెలసరి ముందు ఒంట్లో నీరు పట్టి కిలో పెరుగుతుంది, భయపడి తిండి ఇంకా తగ్గించకండి. ఈ నెల రెండో వారాన్ని పోయిన నెల రెండో వారంతోనే పోల్చండి.

కృష్ణలంక:
1500 పెట్టుకుంటున్నాను. నూనె అయిదు ప్యాకెట్ల నుంచి మూడుకు తెచ్చాను, అన్నం రాత్రికి 150 గ్రాములు, పెసరట్టు పెనం మీద నూనె బ్రష్‌తో రాస్తున్నాను. అత్తయ్యకు డాక్టరు మాత్ర మార్చి, గ్లిమిపిరైడ్ లేనిది రాశారు. మొదటి వారం పొద్దున, రాత్రి రెండు పూటలా షుగరు చూసి రాసుకోమన్నారు. ఆవిడ అంకె ఆవిడదే, రాత్రి ఒక రొట్టె తగ్గించి, సాయంత్రం కట్ట మీద అరగంట నడుస్తున్నారు. నెల తిరిగాక ఇద్దరి తూకాలూ ఇక్కడే రాస్తాను.